మొద్దు ఇనుము చేయాల్సిన పని: ఒక లాగర్‌హెడ్ కేస్

నవంబర్ రెండో వారంలో మా వర్క్‌షాప్‌కి కొరియర్‌లో ఒక పొడుగాటి పెట్టె వచ్చింది. లోపల పాత దుప్పటిలో చుట్టిన ఇనుప కడ్డీ, దానికి కట్టిన చీటీ. "మెడ దగ్గర చిన్న చీలిక వచ్చింది. వెల్డింగ్ పెట్టి పంపగలరా? డిసెంబర్ మొదటి శనివారానికి కావాలి." పది నిమిషాల పని అనుకున్నాను. ఐదు వారాలు పట్టింది. అందులో రెండు వారాలు పూర్తిగా నా తప్పు వల్లే. అందుకే ఇది రాస్తున్నాను. పంపినవాళ్లెవరో తెలియకుండా కొన్ని వివరాలు వదిలేశాను. కొలతలు మాత్రం నా నోట్‌బుక్‌లో ఉన్నవే.

నేపథ్యం

మా తాతది ఊళ్లో కొలిమి. నాగళ్లకు కర్రులు, కొడవళ్లు, బండి చక్రాలకు పట్టాలు వేసేవాడు. నేను చదువుకుని అమెరికా వచ్చి, కొన్నేళ్లు కంప్యూటర్ ముందు కూర్చుని, చివరికి మాసాచుసెట్స్‌లో ఒక షెడ్డు అద్దెకు తీసుకుని మళ్లీ సుత్తి పట్టుకున్నాను. ఇక్కడ పాత ఇళ్లు, పాత పొయ్యిలు, వాటిని మ్యూజియంలుగా నడిపేవాళ్లు ఎక్కువ. నాకొచ్చే ఆర్డర్లలో సగం అలాంటివే.

పెట్టెలో వచ్చిన వస్తువును లాగర్‌హెడ్ అంటారు. పొడుగాటి కడ్డీ, చివర లావాటి ముద్ద. ఓడల్లో తారు కరిగించడానికి కూడా ఇలాంటిదే వాడేవారు. తారు కుండను మంట మీద పెడితే అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి, ముద్దను ఎర్రగా కాల్చి తారులో ముంచేవారు. న్యూ ఇంగ్లండ్ (మాసాచుసెట్స్ ఉన్న అమెరికా ఈశాన్య ప్రాంతం) సత్రాల్లో దాన్ని ఫ్లిప్ అనే పానీయానికి వాడారు. చిక్కటి బీరు, రమ్ము, తీపికి మొలాసిస్ (చెరకు మడ్డి) కలిపి, కాలిన ఇనుము అందులో ముంచితే సుయ్యిమని తాలింపు పెట్టిన చప్పుడొస్తుంది. నురగ లేస్తుంది, తీపి కాస్త మాడి చిరుచేదు పడుతుంది. 17వ శతాబ్దం చివరి నుంచి నూరేళ్లకు పైగా చలికాలంలో ఇదే ఇక్కడి వాళ్ల వేడి పానీయం. రమ్ము అంత చౌకగా ఎలా దొరికిందంటే, కరీబియన్ దీవుల్లో బానిసలు పండించిన చెరకు నుంచి వచ్చిన మొలాసిస్‌ను ఇక్కడి రేవు పట్టణాల్లో బట్టీల్లో కాచి రమ్ము తీసేవారు. బ్రిటన్ 1733లో తన ఏలుబడిలో లేని దీవుల మొలాసిస్ మీద గాలన్‌కు 6 పెన్నీల పన్ను వేసినా ఆ బట్టీలు ఆగలేదు.

ఇంకో మాట. ఇంగ్లిష్‌లో లాగర్‌హెడ్ అంటే మొద్దుబుర్ర అనే అర్థం కూడా ఉంది. ఈ కేసులో నాకు ఆలస్యంగా తలకెక్కింది అదే.

వచ్చిన సమస్య

పంపింది ఒక పాత ఇంట్లో నడిచే చిన్న మ్యూజియం. డిసెంబర్‌లో ఎనిమిది సాయంత్రాలు గోడపొయ్యి ముందు ఫ్లిప్ చేసి చూపిస్తారు, రాత్రికి పన్నెండు మగ్గులు. పొయ్యి దగ్గర పని చూసే ఆవిడకు ఫోన్ చేసి, చీలిక ఎప్పుడు వచ్చిందని అడిగాను. మాటల్లో మరో మూడు విషయాలు బయటపడ్డాయి. పానీయం గోరువెచ్చగానే ఉంటోంది. మగ్గు అడుగున నల్లటి పెచ్చులు తేలుతున్నాయి. ఒకసారి కడ్డీ పక్కకు తగిలి ప్యూటర్ (తగరం ఎక్కువున్న, సులువుగా కరిగే మిశ్రలోహం) మగ్గుకు చిల్లు పడింది.

"అవన్నీ మా చేతకానితనం. మీరు చీలిక ఒక్కటీ చూడండి చాలు" అన్నారు ఆవిడ.

ఆ మాట నమ్మడం నా మొదటి తప్పు.

కడ్డీ మాత్రం చూడముచ్చటగా ఉంది. 12 మి.మీ. మందం, పిడి దగ్గర మెలిక, కొసన ఆకు, ఇటు చివర బేరిపండు ఆకారంలో 25 మి.మీ. ముద్ద. చేసినవాడికి పనితనం ఉంది. చీలిక ముద్దకూ మెడకూ మధ్య వెంట్రుకలా చుట్టూ తిరిగి ఉంది.

వెల్డింగ్ పెట్టే ముందు రెండు పరీక్షలు చేశాను. మెడ మీద ఆకురాయి పెడితే పట్టుకోలేదు, గాజు మీద గీసినట్టు జారిపోయింది. పిడి చివర గ్రైండర్‌కి ఆనిస్తే నిప్పురవ్వలు కాకరపువ్వొత్తిలా కొమ్మలు కొమ్మలుగా విచ్చుకున్నాయి. మెత్తని ఇనుమైతే రవ్వలు పొడుగ్గా, నిటారుగా పోతాయి. అంటే ఇది కర్బనం ఎక్కువున్న ఉక్కు. బహుశా కారు స్ప్రింగు. దాన్ని ఎర్రగా కాల్చి చల్లటి బీరులో ముంచడమంటే, కొడవలికి పదును పెట్టేటప్పుడు నీళ్లలో ముంచి గట్టిపరచడమే. కొడవలికైతే ఆ తర్వాత మళ్లీ కాస్త వేడి చేసి పెళుసుతనం తగ్గిస్తాం. ఇక్కడ అది లేదు. రాత్రికి పన్నెండు సార్లు గట్టిపడి, పన్నెండు సార్లు కాలి, ఎక్కడ లావు సన్నమవుతుందో అక్కడ చిట్లింది. వెల్డింగ్ పెడితే దాని పక్కనే మళ్లీ చిట్లుతుంది. అందుకే పెట్టనన్నాను.

మన దగ్గర కూడా ఉక్కంటే మోజే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారని గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ కత్తికి పనికొచ్చే గుణం ఇక్కడ శత్రువు.

మొదటి ప్రయత్నం

కొత్తది చేస్తానని ఒప్పుకున్నాను. జబ్బు లోహంలోనే ఉంది కదా, లోహం మారిస్తే చాలనుకున్నాను. కర్బనం 0.2 శాతానికి మించని మైల్డ్ స్టీల్ తీసుకున్నాను. అది నీళ్లలో ముంచినా చెప్పుకోదగ్గంతగా గట్టిపడదు. ఆకారం అదే ఉంచాను. ఆవిడకు ఆ బేరిపండు నచ్చింది, నాకూ నచ్చింది. మెలిక కూడా వేశాను. వారంలో పంపేశాను.

తర్వాతి సోమవారం ఫోన్. చీలిక లేదు. పానీయం మాత్రం మునుపటిలాగే గోరువెచ్చన. పెచ్చులు మునుపటికంటే ఎక్కువ.

శనివారం నేనే వెళ్లి పొయ్యి పక్కన కూర్చున్నాను. పది నిమిషాల్లో అర్థమైంది. పొయ్యి దగ్గరి కుర్రాడు కడ్డీని మంటలో పెట్టాడు. ఎర్రబడింది, తీయలేదు. నారింజ రంగుకొచ్చింది, తీయలేదు. పసుపు తిరుగుతుంటే తీసి ముంచాడు.

"అంత ఎందుకు కాలుస్తున్నావు?" అని అడిగాను.

"ఎర్రగా ఉన్నప్పుడు ముంచితే వేడెక్కడం లేదండీ. ఇలా కాల్చి రెండుసార్లు ముంచితే కాస్త నయం."

నాలుగు ఫిర్యాదులూ ఒకే తీగకు కాసిన కాయలని అప్పుడు కనబడింది. ముద్దలో సరిపడా బరువు లేదు. లేదు కాబట్టి వాళ్లు అతిగా కాలుస్తున్నారు. అతిగా కాలిస్తే పైపొర గాలికి మాడి ఎక్కువగా చిట్టెం కడుతుంది, ముంచగానే అది పెచ్చులుగా రాలుతుంది. పాత ఉక్కు కడ్డీ చిట్లడానికీ ఆ అతివేడి తోడైంది. ప్యూటర్ 300 డిగ్రీలు కూడా తట్టుకోదు, పసుపు రంగు ఇనుము అలా తగిలితే చాలు. ఇందులో కుర్రాడి చేతకానితనం ఏమీ లేదు. బరువు చాలని పనిముట్టుతో ఎవరైనా చేసేది అదే.

ముందే వేయాల్సిన లెక్క

ఇంటికొచ్చి, ఆవిడకు ఫోన్ చేసిన మొదటి రోజే వేయాల్సిన లెక్క వేశాను.

కొలపాత్రలో నీళ్లు పోసి ముద్దను మెడతో సహా ముంచితే 16 మి.లీ. పైకి జరిగాయి. అంటే పానీయంలో మునిగే ఇనుము దాదాపు 125 గ్రాములు. మగ్గులో 350 మి.లీ. పానీయం, సెల్లార్ చలికి 12 డిగ్రీల మీద ఉంటుంది. దాన్ని 65 డిగ్రీలకు తేవాలంటే సుమారు 78 కిలోజౌళ్ల వేడి కావాలి. ముదురు ఎరుపులో, అంటే 750 డిగ్రీల దగ్గర ఉన్న ఇనుము చల్లబడుతూ గ్రాముకు 430 జౌళ్ల దాకా ఇస్తుంది. 125 గ్రాములకు 54 కిలోజౌళ్లు. అందులో మూడో వంతు ఆవిరిగా పోతుంది. మిగిలిన దానితో పానీయం 37 డిగ్రీలు దాటదు. జ్వరం వచ్చిన మనిషి ఒంటి వేడి కూడా కాదు!

మరి రంగు పెంచకుండా, ముంచడాలు పెంచకుండా ఏం చేయాలి? బరువు పెంచాలి, అంతే. పెద్ద ముద్దను తక్కువగా కాల్చినా నీళ్లు వేడెక్కుతాయి కానీ ఫ్లిప్ రుచి రాదు. ఆ చిరుచేదు కోసం ఇనుము ఎర్రగా ఉండి తీరాలి. వేడి చేయడమొక్కటే పనైతే గిన్నెలో కాచుకోవచ్చు, కడ్డీతో పనేముంది? కింది హద్దు రుచి పెట్టింది, పై హద్దు చిట్టెం పెట్టింది. మధ్యలో నా చేతిలో మిగిలింది బరువొక్కటే.

రెండో ప్రయత్నం, తడిసిన బూట్లు

లెక్క వేసిన ఉత్సాహంలో అతి చేశాను. 50 మి.మీ. గుండు, అర కిలో పైమాటే. నాన్నకు వీడియో కాల్‌లో చూపించాను.

"ఏంట్రా అది, రోకలా?"

"కాదు నాన్నా, బీరు వేడి చేసుకునే కడ్డీ. టాడీ రాడ్ అని కూడా అంటారు."

"టాడీ అంటే కల్లే కదరా. కల్లు కాచుకుని తాగుతారా అక్కడ?"

నవ్వుకున్నాం కానీ ఆయనన్న దాంట్లో తప్పు లేదు. ఆ ఇంగ్లిష్ మాట హిందీ తాడీ నుంచి వెళ్లిందే. తాటిచెట్టు కల్లు పేరు సముద్రం దాటి, చలిదేశంలో వేడి పానీయానికి పేరై కూర్చుంది.

ఆ రోకలిని పొయ్యి నిప్పుల్లో పెడితే మధ్యదాకా ఎర్రబడడానికి ఇరవై నిమిషాలు పట్టింది. మగ్గులో నీళ్లు పోసి ముంచాను. మొదటి రెండు సెకన్లు ఏమీ కాలేదు. బాగా కాలిన ఇనుము చుట్టూ ఆవిరి పొర కడుతుంది, అది నీటిని దగ్గరికి రానివ్వదు. వేడి పెనం మీద నీటిచుక్క గోళీలా దొర్లుతుందే, అదే సంగతి. అంతలో ఇనుము కాస్త చల్లబడి పొర తెగింది. సగం నీళ్లు లేచి నా బూట్ల మీద పడ్డాయి. మగ్గులో మిగిలినవి తెర్లుతున్నాయి. అది నీళ్లు కాక బీరై ఉంటే నురగతో ఇంకా దూరం వెళ్లేది. ముందు వరసలో పిల్లలు కూర్చునే చోట ఆ పనిముట్టును ఇవ్వలేను. కుదరదని పక్కన పడేశాను.

మూడోది

32 మి.మీ. గుండ్రటి బారు తీసుకున్నాను. చివరి 45 మి.మీ. అలాగే ఉంచి, పైభాగాన్ని దాగలి మీద 14 మి.మీ. మెడగా సాగగొట్టాను. మునిగే మెడతో కలిపి ఇనుము 335 గ్రాములు. మెలిక లేదు, ఆకు లేదు. ముద్ద అంచులు గుండ్రంగా నున్నగా చేశాను, మూల ఉన్నచోటే చిట్టెం ముందు రాలుతుంది కాబట్టి. మెడా ముద్దా కలిసేచోట మెట్టు లేకుండా ఏటవాలుగా జార్చాను.

సన్నటి కడ్డీకి ఇనుప పట్టీ చుట్టి ముద్ద కడితే గంట పని మిగిలేది. కానీ చుట్టు ఎంత బిగించినా సందు ఉంటుంది. సందులోకి తీపి పానీయం దూరుతుంది, తర్వాత నిప్పుల్లో అది మాడి కంపు కొడుతుంది. లోపల చిక్కిన తడి ఆవిరై చిమ్మే ప్రమాదమూ ఉంది. అందుకే ఒకే బారులోంచి తీశాను. పొడవు 80 సెం.మీ., పిడి చివర కొక్కెం. ఎంతవరకు ముంచాలో తెలిసేలా మెడ మీద ఒక గాటు పెట్టాను.

పరీక్షలో 350 మి.లీ. నీళ్లు ఒక్క ముంపుతో 12 నుంచి 68 డిగ్రీలకు వచ్చాయి. అలాంటివే మూడు చేశాను. ఒకటి ముంచుతుంటే రెండు నిప్పుల్లో ఉండాలి. ఒకే కడ్డీ ఉంటే జనం ఎదురుచూస్తున్నారన్న టెన్షన్‌లో కుర్రాడు మళ్లీ మంట ఎగదోస్తాడు.

పెచ్చుల సంగతి ఇంకా మిగిలింది. వైరు బ్రష్షుతో రుద్దితే పోతాయి కానీ బ్రష్షు తీగలు ఊడి కడ్డీకి అంటుకుంటాయి. పెచ్చు మింగినా ఫరవాలేదు, తీగ ముక్క మింగితే ఆస్పత్రే. బ్రష్షు వద్దన్నాను. మా తాత చేసే పనే నేర్పాను: కడ్డీని మంటలో కాదు, నిప్పుల అడుగున పూడ్చి పెట్టడం. మంటలో గాలి ఎక్కువ, అక్కడ చిట్టెం ఎక్కువ. నిండు నిప్పుల మధ్య గాలి తక్కువ. తీశాక పొయ్యి రాతి అంచుకు ఒక్క దెబ్బ తట్టి, మంచినీళ్ల బకెట్లో సెకను ముంచి తీస్తే బూడిద, వదులు పెచ్చు ఆ నీళ్లలోనే రాలిపోతాయి. పోయే వేడి కొద్దిగానే. బరువుంది కాబట్టి ఆ కాస్త పోయినా ఓర్చుకుంటుంది. పాత కడ్డీతో ఈ పని కుదిరేది కాదు.

తాత దగ్గరికి ఒక వైద్యుడు ఇనుప చిట్టెం కోసం వచ్చేవాడు. రసశాస్త్రంలో ఇనుమును శుద్ధి చేయాలంటే రేకులను ఎర్రగా కాల్చి నువ్వులనూనెలో, మజ్జిగలో, గోమూత్రంలో, పుల్లటి గంజిలో, ఉలవల కషాయంలో ఒక్కోదాంట్లో ఏడేసి సార్లు ముంచుతారు. మన వైద్యులు ఇనుము ఉంచుకుని మజ్జిగ పారబోస్తే, వీళ్లు ఇనుము పక్కన పెట్టి బీరు తాగుతున్నారు. ఎటైనా ముంచిన ప్రతిసారీ ఇనుము పైపొర కాస్త రాలుతుంది.

రంగు నేర్పడమే అన్నిటికన్నా కష్టమైంది. చీకటి గదిలో ఇనుము ఉన్నదానికన్నా ఎర్రగా కనబడుతుంది, దీపాల వెలుగులో చప్పగా. నాకు పండుమిరప రంగంటే చాలు, వాళ్లకు కాదు. చివరికి ఒక అయస్కాంతాన్ని పొడుగాటి తీగకు వేలాడదీసి ఇచ్చాను. ఇనుము 770 డిగ్రీలు దాటితే అయస్కాంతం అంటుకోదు. ప్రాక్టీసులో నిప్పుల్లోంచి తీయగానే ఆనించి చూడాలి. అంటుకోకపోతే ఎక్కువ కాలింది, కాస్త ఆగాలి. ఎర్రగా కనబడుతూ, అయస్కాంతం అప్పుడే పట్టుకుంటుంటే ముంచేయొచ్చు. కుర్రాడు రెండు రోజుల్లో అయస్కాంతం మానేసి కళ్లతోనే చెప్పడం మొదలుపెట్టాడు.

మగ్గుల విషయంలో ఆవిడతో కాస్త వాదన జరిగింది. ప్యూటర్ లేకపోతే పాత సత్రం కళ రాదంటారు. కానీ ఆ మగ్గు పట్టేదే అర లీటరు కన్నా తక్కువ. 350 మి.లీ. పానీయానికి ముద్ద తోసే 43 మి.లీ. తోడైతే నురగకు చోటే లేదు. లీటరు పట్టే మందపాటి స్టోన్‌వేర్ (గట్టిగా కాల్చిన మట్టి) జగ్గును ముందుగా వెచ్చబెట్టి, అందులో ఫ్లిప్ చేసి, తర్వాత ప్యూటర్‌లో పోసి ఇవ్వమన్నాను. పోసే సరికి 65 డిగ్రీల లోపే ఉంటుంది, మగ్గుకు ఏమీ కాదు. ఆవిడ జగ్గు చూసి పెదవి విరిచి, నురగ అంచుదాకా పొంగి ఆగడం చూశాక ఒప్పుకున్నారు. రమ్ము ముందే బీరులో కలిపేయాలని, కాలిన ఇనుము మీద విడిగా ఎప్పుడూ పోయకూడదని, చేతికి తోలు గ్లవ్ పొడిగా ఉండాలని గోడకు ఒక కాగితం అంటించాం. తడి తోలు వేడికి ఆవిరై చేతినే ఉడికిస్తుంది.

తర్వాత

రెండు చలికాలాలు గడిచాయి. మూడింటిలో ఒకటి కాస్త వంగింది, ఎవరో దానితో కట్టె ఎగదోశారు. చీలికలు లేవు. పెచ్చులు పూర్తిగా పోలేదు, అడుగున ఒకటీ అరా కనబడతాయనే ఆవిడ చెబుతారు. పోస్తూ చివరి గుక్క జగ్గులోనే వదిలేస్తున్నారు. మొదటి ఏడాది సీజన్ అయ్యాక తడిగానే పెట్టెలో పెట్టి తుప్పు పట్టించారు. ఇప్పుడు ఆరబెట్టి, వంటనూనె పలచగా రాసి పెడుతున్నారు. మరుసటి ఏడాది మొదటి నిప్పుకు ఆ నూనె కాలిపోతుంది.

చీలిన పాత కడ్డీ నా షెడ్డులో గోడకు వేలాడుతోంది. వచ్చినవాళ్లంతా దాన్నే చూసి అలాంటిది కావాలంటారు. పక్కనే ఉన్న మొద్దు ముద్దను ఎవరూ చూడరు. మెలిక వేసివ్వడానికి నాకేమీ అభ్యంతరం లేదు, పిడి దగ్గర ఎన్ని మెలికలైనా వేస్తాను. మునిగే భాగం జోలికి మాత్రం వెళ్లనివ్వను. అలాగే ఎవరైనా ఇంట్లో ఉన్న జింకు పూత పైపుతో చేసివ్వమంటే తలుపు చూపిస్తాను. కాల్చితే ఆ జింకు పొగ పీల్చినవాడికి జ్వరం తెస్తుంది.

చీలిక వెల్డింగ్ పెట్టమని ఎవరు అడిగినా ఇప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న చీలిక గురించి కాదు. ఎంత పానీయం, ఎంత చల్లగా ఉంటుంది, దేంట్లో పోస్తారు, ఒక్కసారి ముంచితే చాలుతోందా, ఎంత రంగు వచ్చాక తీస్తున్నారు. మొన్న జనవరిలో ఇంకో చోట నుంచి ఆర్డర్ వచ్చింది. పనిముట్టు గురించి మాట్లాడే ముందు మీ మగ్గు ఫోటో పంపమన్నాను.

ఫోటో వచ్చింది. ప్యూటర్.